సురంజాన్ దుంప వెతుక్కుంటూ: సూక్ వాఖిఫ్ నుంచి ఉమ్ సలాల్ తోట దాకా

ఈ ప్రయాణానికి కారణం మా షాపుకి వచ్చే ఒక ఖతారీ ముసలావిడ. నేను అల్ ఘర్రాఫాలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. మాది కృష్ణా జిల్లా, అవనిగడ్డ దగ్గర పల్లె. దోహా వచ్చి పదకొండేళ్ళయింది. ఆవిడకి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోయేంత నొప్పి. డాక్టరు గౌట్ అని చెప్పి కోల్చిసిన్ మాత్రలు రాశాడు. నేను పెట్టె చేతికిస్తే ఆవిడ అందులోంచి అట్ట లాగి, మాత్రని కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, "మా అమ్మమ్మ వాడిన సురంజానే ఇది! ఇంత చిన్నదైపోయిందేం?" అని పకపకా నవ్వింది. నేను కూడా మర్యాదకి నవ్వి, వెనక లైన్లో ఉన్న మనిషిని పిలిచాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. కాలేజీలో ఈ మందు గురించి నేను బట్టీ పట్టింది ఒకే వాక్యం, "ఒక మొక్క దుంప నుంచి తీస్తారు" అని. ఆ దుంపని నేను జన్మలో చూడలేదు. చూడాలనిపించింది.

కొంచెం చదివేసరికి ఇంకో సంగతి తెలిసింది. గ్రీకులకి ఈ దుంప తెలుసు, రోమన్ల కాలం వైద్యులకి తెలుసు, వాళ్ళ రాతలు అరబ్బీలోకి వచ్చాయి, అక్కడి నుంచి మన హైదరాబాద్ యునాని దవాఖానాల దాకా నడిచాయి. అసలు యునాని అంటేనే గ్రీకు అని అర్థమట. చిన్నప్పుడు బెజవాడలో ఆ బోర్డు చూసి అది డాక్టరు గారి ఇంటిపేరు అనుకునేదాన్ని. సరే, ఒక శనివారం సెలవు పెట్టి, దోహాలోనే ఈ మందు పూర్వీకుల్ని చూసి వద్దామని బయల్దేరాను. ఇలాంటి పిచ్చి మీకూ ఉంటే, నేను వెళ్ళిన దారి ఇది.

పొద్దున్న ఎనిమిదిన్నరకి ఫరీజ్ బిన్ మహమూద్‌లో మా ఫ్లాట్ నుంచి మెట్రో స్టేషన్‌కి నడిచాను. గోల్డ్ లైన్లో రెండో స్టాపే సూక్ వాఖిఫ్, దోహా పాత బజారు. టికెట్ రెండు రియాల్స్. రోజంతా తిరిగే పనుంటే ఆరు రియాల్స్‌కి డే పాస్ తీసుకోవచ్చు. శుక్రవారం పొద్దున్న మాత్రం వెళ్ళకండి, సగం షట్టర్లు దించే ఉంటాయి. శనివారం తొమ్మిదికల్లా మసాలా సందు తెరుచుకుంది. ఎండు నిమ్మకాయల వాసన, సాంబ్రాణి వాసన, ఎవరో అప్పుడే దంచుతున్న యాలకుల వాసన అన్నీ కలిసి తుమ్ములొచ్చాయి. ఆ సందులో మూలికలు అమ్మేవాళ్ళని అత్తార్ అంటారు. నేను మా ఆయనతో ఫోన్లో "గ్యాస్ కట్టేశారా?" అని కసురుతుంటే, ఒక ఇరుకు దుకాణంలోంచి, "తెలుగా అమ్మా? రండి, కూర్చోండి" అని పిలుపొచ్చింది.

ఆయన పేరు సాలెహ్. డెబ్బై దాటి ఉంటాయి. తెల్ల గడ్డం, ముక్కు చివర కళ్ళద్దాలు. "నాది బార్కస్ అమ్మా, హైదరాబాద్. తాతలు యెమన్ వాళ్ళు, పుట్టింది అక్కడ, రొట్టె ఇక్కడ" అన్నారు. నేను చాచా అని పిలవడం మొదలుపెట్టి, సురంజాన్ ఉందా అని అడిగాను.

"ఎవరికి?"

"ఎవరికీ కాదు చాచా, చూద్దామని."

"చూడనీకి ఎవరూ కొనరు. ఎవరికి నొప్పి?"

ఇక వదల్లేదు. వయసెంత, ఏ కీలు, పొద్దున నొప్పా సాయంత్రమా, మాంసం ఎన్ని రోజులు తింటారు, నీళ్ళు ఎన్ని తాగుతారు, కడుపు ఎట్లా ఉంటుంది, పనికి నిలబడతారా కూర్చుంటారా? అన్నీ అయ్యాక, "డాక్టర్ గోలీ ఏమన్నా నడుస్తుందా? గోలీ గాక ఇంకా ఏమన్నా నోట్ల పోతుందా?" అని అడిగారు. నాకు నవ్వొచ్చి, నేనే మందుల షాపులో పని చేస్తానని చెప్పాను.

"అయితే మీరు నాకన్నా ఎక్కువ అడగాలె" అన్నారు చాచా, నవ్వకుండా. "మీ దగ్గర బీరువాల నిండా దవా ఉంటది. అడిగే టైం ఉండదు."

నిజమే కదా. మేము అడిగేది ఒక్కటే: "ఎలర్జీ ఉందా?" అదీ కంప్యూటర్లో ఒక గడి నింపాలి కాబట్టి. నాకు కాస్త చురుక్కుమంది, కానీ బయటపడలేదు.

ఆయన రెండు సొరుగులు లాగారు. ఒకదాంట్లో తెల్లగా, వెల్లుల్లి రెబ్బంత దుంపలు. ఇంకోదాంట్లో కొంచెం నల్లగా, ముడతలు పడ్డవి. "తెల్లది మీఠా, లోపలికి తీసుకునేది. ఇది కడ్వా, చేదుది, పైన పూతకే. డాక్టర్ గోలీ నడుస్తుంటే రెండూ వద్దు. దవా ఒకటే అమ్మా, బట్టలు రెండు." ఒక తెల్ల దుంపని నా అరచేతిలో పెట్టారు. రోజూ నేను లెక్కపెట్టి ఇచ్చే మాత్రకి తాతో ముత్తాతో అది. గోరుతో గీరితే పిండి రాలింది. పదకొండేళ్ళుగా ఇంటికి పావుగంట దూరంలో ఇది ఉందని తెలియకుండా బతికానే అనిపించింది. పది రియాల్స్‌కి నాలుగు దుంపలు పొట్లం కట్టి, దాని మీద ఉర్దూలోనూ అరబ్బీలోనూ పేరు రాసి ఇచ్చారు. నాకు రెండూ చదవడం రాదు, రాయకపోయినా పర్లేదన్నాను. "పేరు లేని పొట్లం ఈ దుకాణం దాటదు. మా అబ్బా నేర్పిన మొదటి పని అదే" అన్నారు.

సూక్ నుంచి సముద్రపు ఒడ్డున కార్నిష్ రోడ్డు పక్కన ఉన్న మ్యూజియానికి నడిస్తే పావుగంట. చలికాలం కాబట్టి నడక బాగుంది. మే నెలలో మాత్రం ఈ సాహసం చేయకండి. ఖతార్ ఐడీ ఉంటే టికెట్ లేదు, టూరిస్టులకి ఉంది. లోపల మసక వెలుతురులో, గాజు పెట్టెలో, ఒక పాత వైద్య గ్రంథపు పుట పెట్టారు. గ్రీకు నుంచి అరబ్బీలోకి మార్చి, చేత్తో రాసి, బొమ్మ వేసిన పుట. ఆకులు పచ్చరంగు, పువ్వు వంకాయ రంగు, కింద గుండ్రటి దుంప. నేను హ్యాండ్‌బ్యాగు తెరిచి పొట్లం విప్పి పోల్చుకున్నాను. కాపలా అమ్మాయి, నేపాల్ పిల్ల, కంగారుగా దగ్గరికొచ్చింది. "మేడమ్, తినేవి లోపలికి వద్దు" అంది హిందీలో. తినేది కాదమ్మా, ఈ బొమ్మలో ఉన్నదే ఇది అని చూపించాను. ఆ పిల్ల బొమ్మనీ దుంపనీ మార్చి మార్చి చూసి, "అబ్బ, అదే ముక్కు!" అంది. మొనదేలిన ఆ చివర నిజంగా ముక్కులాగే ఉంది.

పక్కన ఇంగ్లీషులో వివరం ఉంది. రోమన్ సైన్యాలు తిరిగిన కాలంలో ఒక గ్రీకు వైద్యుడు ఈ మొక్క గురించి రాశాడట. నేను గొప్ప చిట్కా ఏదో ఉంటుందనుకున్నాను. కాదు. ఇది తియ్యగా ఉండి మనిషిని ఊరిస్తుంది, తింటే చంపుతుంది, వేరే దుంప అనుకుని ఎవరూ పొరపాటున తినకూడదనే దీని రూపం ఇంత వివరంగా చెబుతున్నాను అని రాశాడట. తర్వాత కొన్ని వందల ఏళ్ళకి తూర్పు రోమన్ వైద్యుడొకడు ఇదే కీళ్ళ నొప్పి తగ్గిస్తుందని కనిపెట్టి, కానీ కడుపుని పాడు చేస్తుందని కూడా రాశాడట. నేను ఆ గాజు ముందు చాలాసేపు కదల్లేదు. ఎవరో తెలియని మనిషి, పుట్టబోయే ఎవరెవరి కోసమో, తినకండర్రా అని బొమ్మ గీయించి మరీ చెప్పాడు. ఆ జాగ్రత్త ఇన్ని భాషలు దాటి, ఇన్ని చేతులు మారి, నా ఎదురుగా ఉంది. చర్చిలో కూడా నాకు అంత నిశ్శబ్దంగా ఉండటం చేతకాదు.

పన్నెండింటికి రాజేశం కారు తెచ్చాడు. రాజేశం జగిత్యాల వైపు అబ్బాయి, లిమోజిన్ కంపెనీలో డ్రైవరు. తెలుగు మాట్లాడతానని మందులకి మా షాపుకే వస్తాడు. రెండు వారాల కింద వాళ్ళ బావ కోసం మాత్రలు కూడా నా దగ్గరే తీసుకెళ్ళాడు. నేను ఉమ్ సలాల్ వెళ్ళాలనుకున్నది ఎడారిలో మొలిచే చేదు పుచ్చ కోసం. గ్రీకులు విరేచనానికి వాడిన మొక్కల్లో అదొకటి. వానలు పడ్డాక ఇసకలో తీగ పాకి, చిన్న బంతుల్లాంటి కాయలు కాస్తుంది. బావ ఉమ్ సలాల్‌లో ఒక అరబ్బు తోటలో పని చేస్తాడు, అవి ఎక్కడుంటాయో ఆయనకు తెలుసు అని రాజేశమే చెప్పాడు. రానూపోనూ, అక్కడ మూడు గంటలు ఆగడం కలిపి నూట యాభై రియాల్స్ మాట్లాడుకున్నాం. అల్ షమాల్ రోడ్డెక్కితే అరగంట ప్రయాణం. దారిలో పాత బురుజులు కనిపిస్తాయి, ఫోటోకి ఆగొచ్చు.

మేము ఆగలేదు. రాజేశం ముఖం బాగాలేదు.

"బావకు రెండు దినాల సంది ఒకటే వాంతులు మేడం. మోషన్స్ గూడ. గురువారం మచ్లీ వండుకున్నరు, అది పడలేదనుకుంట" అన్నాడు.

"క్లినిక్‌కి వెళ్ళలేదా?"

"పోతే అన్‌ఫిట్ అని రాస్తరని భయం. కాలు నొప్పికే ఇప్పటికి రెండుసార్లు డ్యూటీ ఎగ్గొట్టిండు."

తోట చివర రేకుల గదిలో మంచం మీద బావ పడుకుని ఉన్నాడు. పేరు గంగారాం. నలభై ఐదేళ్ళ గట్టి మనిషి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. మంచం కింద బకెట్టు. తోటలో టమాటాలు ఎర్రగా పండి ఉన్నాయి, కోసే దిక్కు లేదు. నేను ఫార్మసిస్టుని కదా, తెలిసిన పని చేశాను: ఎన్నిసార్లు అయింది, జ్వరం ఉందా అని అడిగి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తాగించమని, సాయంత్రానికి తగ్గకపోతే క్లినిక్‌కి తీసుకెళ్ళమని రాజేశానికి చెప్పి లేచాను. నిజం రాస్తున్నాను, లేచి గుమ్మం దాకా వచ్చాను. గూట్లో నేనిచ్చిన కోల్చిసిన్ మాత్రల పెట్టె కనిపించింది. దాని మీద మా షాపు స్టిక్కరు, నా చేతి రాత: రోజుకు రెండు. అది చూశాకే చాచా ప్రశ్న గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి, మంచం పక్కన కూర్చున్నాను.

"గంగారాం, ఈ గోలీలు కాక ఇంకేమన్నా వేసుకుంటున్నావా?"

"ఏం లేదు మేడం."

"నోట్లోకి ఇంకేమన్నా పోతోందా? కషాయం, పొడి, ఏదైనా?"

"పొడి ఉన్నది. అది మందు గాదు మేడం, ఇంటికాడి పొడి."

రాజేశం గూట్లోంచి సాంబారు పొడి అని రాసి ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీశాడు. మూత తీస్తే సాంబారు వాసన లేదు. లేత పసుపు పిండి. గల్ఫులో ఉన్న మనవాళ్ళందరికీ తెలుసు, సెలవుకి వెళ్ళొచ్చే ప్రతివాడి పెట్టెలోనూ క్యాంపులో సగం మంది పార్సిళ్ళు ఉంటాయి, పచ్చళ్ళు, అప్పడాలు, కారప్పొళ్ళు. ఈ డబ్బా నెల కింద అలాగే వచ్చింది. గోరువెచ్చని నీళ్ళలో రోజూ మూడు చెంచాలు తాగేవాడు. బుధవారం నొప్పి పెరిగితే ఆరు చేశాడు. గోలీ డాక్టరుది, పొడి ఇంటిది, రెండూ వేర్వేరు కాబట్టి ఏమీ కాదనుకున్నాడు.

"అక్కకు ఫోన్ చెయ్యి రాజేశం" అన్నాను. రాజేశం అక్క లక్ష్మి, గంగారాం భార్య. స్పీకరు పెట్టాడు.

"కోరుట్లల హకీం సాబ్ ఇచ్చిండు" అంది లక్ష్మి. "పేరు కాయిదం మీద ఉండె. దుబాయ్ల మందులు పట్టుకుంటరట గదా, అందుకే చింపి సాంబారు డబ్బాల పోసిన."

"ఆ కాయితం ఉందా అమ్మా?"

"పారెయ్యలే. అలమారల ఉన్నది, ఆగున్రి." గిన్నెలు జరిగిన చప్పుడు. నా బతుకులో అంత పొడుగు నిమిషం లేదు. "తెలుగుల రాసిండు. సు... రం... జాన్."

నా హ్యాండ్‌బ్యాగులో పొట్లం ఉంది. అదే పేరు. ఆ మనిషి ఒకే మందుని రెండు వైపుల నుంచీ తాగుతున్నాడు, అందులో ఒక వైపు నేను ఇచ్చిందే. ఈ మందు ఎక్కువైతే మొదట వాంతులు, విరేచనాలే. అది చెడిన చేప అనుకుని కూర్చుంటే, తర్వాత మూత్రపిండాలూ, రక్తమూ, గుండే దెబ్బతింటాయి. ఇది కాలేజీలో చదివాను, మర్చిపోలేదు. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు గుర్తు రాకపోతే ఆ చదువు ఎందుకు?

"అంబులెన్స్ పిలుస్తున్నా" అన్నాను.

"వద్దు మేడం, మీ కాల్మొక్త" అన్నాడు గంగారాం, లేవబోయి మళ్ళీ పడిపోయి. "అన్‌ఫిట్ రాస్తే పంపిచ్చేస్తరు. గా టమాటలు ఎవరు తెంపుతరు?"

"బతికుంటే నువ్వే తెంపుతావు. యల్లా, రాజేశం, గేటు దగ్గర నిలబడు, దారి చూపించాలి."

999కి ఫోన్ చేస్తే పావుగంట లోపే వచ్చారు. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు సూడాన్ అమ్మాయి. నేను ఆమె చేతిలో మాత్రల పెట్టె, సాంబారు డబ్బా, నా పొట్లం మూడూ పెట్టి, జరిగింది చెప్పాను. ఆమె పొట్లం మీద అరబ్బీ అక్షరాలు చదివి, తలెత్తి నన్ను చూసి, వెంటనే రక్తపరీక్షలకి పురమాయించింది. తర్వాత బయటికొచ్చి, "చేప అని చెప్పి ఉంటే సెలైన్ పెట్టి సాయంత్రానికి పంపేసేవాళ్ళం. ఇది ముందే తెలియడం చాలా పెద్ద విషయం. ఇంకో పొడి కూడా ఉందని మీకెలా తట్టింది?" అని అడిగింది. సూక్‌లో ఒక పెద్దాయన నన్ను అడిగాడు, నేను ఇతన్ని అడిగాను అని చెప్పాను. మాత్రలిచ్చింది నేనేనని, ఇచ్చేటప్పుడు అడగలేదని కూడా చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె నా భుజం మీద ఒక క్షణం చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది.

మూడు రోజులు గడ్డుగా గడిచాయి. తొమ్మిదో రోజున గంగారాంని డిశ్చార్జి చేశారు. అన్‌ఫిట్ రాయలేదు, రెండు వారాలు విశ్రాంతి రాశారు. తోట యజమాని టమాటాలు ఎవరితోనో కోయించాడట. ఆ తర్వాత శనివారం నేను మళ్ళీ వెళ్ళాను. మనిషి చిక్కిపోయాడు కానీ గేటు దాకా నడిచి వచ్చాడు. నేను ఆ రోజు చూడకుండా వెనక్కి తిరిగిన చేదు పుచ్చ దగ్గరికి ఆయనే తీసుకెళ్ళాడు. ఇసకలో పాకిన తీగ, పచ్చటి కాయలు, చుట్టూ చుక్క నీరు లేదు. ఒక కాయ కోసి ఇచ్చి, "తినకున్రి మేడం, విషం" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. రెండు వేల ఏళ్ళ కింద ఆ గ్రీకు వైద్యుడు రాసిందీ ఈ మాటే.

పాత మందుల గొప్ప తెలుసుకుందామని బయల్దేరాను. మా మాత్ర తక్కువదేం కాదు. దుంపలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు, మాత్రలో ఎంత ఉందో అట్ట మీద రాసి ఉంటుంది, అది చిన్న సంగతి కాదు. కానీ ఆ పాతకాలం వైద్యులు మందు పక్కనే ప్రమాదాన్నీ రాశారు. ఏం తిన్నావు, ఏ నీళ్ళు తాగావు, ఏం పని చేస్తావు అని రోగి పక్కన కూర్చుని అడిగారు. దుంపని మేము వాళ్ళ దగ్గర తీసుకున్నాం, శుద్ధి చేశాం, తూకం వేశాం. అడగడం మాత్రం దారిలో ఎక్కడో వదిలేశాం. బార్కస్ నుంచి వచ్చిన ఒక ముసలాయన దాన్ని మసాలా సందులో కాపాడుతున్నాడు. ఇప్పుడు మా కౌంటర్లో ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను, ఇది కాక నోట్లోకి ఇంకేం పోతోంది అని. లైను పెరుగుతోందని మా మేనేజరు గొణుగుతున్నాడు, గొణగనివ్వండి. మొన్న ఆ ఖతారీ ముసలావిడ మళ్ళీ వచ్చింది. అడిగాను. ఆవిడ నవ్వి, చేతిసంచీ తెరిచి, కౌంటరు మీద ఒక్కొక్కటిగా మూడు పొట్లాలు పెట్టింది. మూడోది సురంజాన్. నేను ఆవిడ మాత్రల పెట్టె నా వైపుకి లాక్కుని, కుర్చీ వేయించి కూర్చోబెట్టాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: మసాలా సందుకి శనివారం పొద్దున్న తొమ్మిదికీ పదకొండుకీ మధ్య వెళ్ళండి, మీరు వాడే మాత్రల పేర్లన్నీ కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఇంటి నుంచి పొడి వస్తే, దాని పేరు మాత్రం చింపకండి.